పోలిక ఫోటో

కాకినాడలో ఆ కుర్చీని మొదటిసారి చూసినప్పుడు మనుషుల్ని చంపే కరెంటు కుర్చీ అనుకున్నాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా తల మీద టోపీ, టోపీ నిండా వైర్లు, చేతులు కదలకుండా పట్టీలు ఉన్న కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి ఎవరూ మంచిపని చెయ్యరని తెలుసుకోడానికి ఎనిమిదో తరగతి చాలు.

"ఇది పేలదు కదండీ?" అని అడిగాను.

డాక్టర్ ఇందుశేఖర్ నావైపు చూడలేదు. మా అమ్మాయి త్రిపురవైపు తిరిగి, "మీ అమ్మగారా?" అన్నాడు, నేనేదో ఆమె చేతిసంచీ అయినట్టు.

"అవును సార్. కొత్త చోటు కదా, ఊరికే చూసి వెళ్తుందని..."

"చూశారుగా. ఆ మూల కూర్చోమనండి."

ఆ మూలే కూర్చున్నాను. ఆ మనిషి నాకు నచ్చలేదు. చేతులు మరీ శుభ్రంగా ఉన్నాయి.

అంతకుముందు త్రిపుర మా సామర్లకోటలోనే ఒక స్టూడియోలో పనిచేసేది. జనం తెచ్చే పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి బాగుచెయ్యడం ఆమె పని. మడత పడిన చోట గీత తుడిచేది. బూజు మచ్చలు తీసేది. పురుగు కొట్టేసిన చెవిని రెండో చెవి చూసి గీసేది. చివర్లో రంగులు వేసేది. ఆ రంగుల దగ్గరే వచ్చింది చిక్కంతా. "మా అమ్మ ఇంత తెలుపు కాదమ్మా", "ఆ చీర ఆకుపచ్చ కాదు" అని జనం పెదవి విరిచేవారు. ఒకావిడైతే, డబ్బు ఇచ్చేసి, ఫోటో అక్కడే వదిలేసి పోయింది. ఆ రోజు త్రిపుర అన్నం తినలేదు. అలాంటి పిల్లకి, ఊహించక్కర్లేకుండా అసలు రంగులే తెచ్చే మెషిన్ కాకినాడలో ఉందని తెలిస్తే ఆగుతుందా?

ఆ రోజు కుర్చీ ఎక్కింది మా వీధి చివరి కామేశం గారు. టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. పోయిన భార్య భ్రమరాంబ గారి ఫోటో తెచ్చాడు. ఒక బుగ్గ పురుగు తినేసింది. త్రిపుర కంప్యూటర్లో ఆ బుగ్గ నింపి, మరకలు తుడిచి, మసకంతా పోగొట్టింది. నలుపూ తెలుపూ కడిగిన గిన్నెలా మెరిశాయి. అప్పుడు డాక్టరు ముసలాయనకి టోపీ పెట్టి, "ఆవిడ మొహమే చూడండి. ఇంకేమీ ఆలోచించకండి" అన్నాడు.

తెర మీద ముందు పసుపు వచ్చింది. డబ్బాలోని పసుపు కాదు. పొద్దున్న రాసుకుంటే సాయంత్రానికి చెమటకి చెదిరి, చెవుల దగ్గర మాత్రం మిగిలే పసుపు. తర్వాత పెదవుల మీద తాంబూలం. ముక్కు పక్కన ఎర్రటి చిన్న మచ్చ. ఆ మచ్చ ఫోటోలో లేనే లేదు. కామేశం గారు వెక్కి వెక్కి ఏడ్చాడు. "వచ్చింది, భ్రమరం వచ్చేసింది" అన్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

"ఆయన తలలో ఉన్నది తెర మీదకి ఎలా వచ్చిందే?" అని మెల్లిగా అడిగాను.

"మెషిన్‌కి పేర్లూ వరసలూ తెలియవమ్మా. ఫోటోలో కళ్ళకీ ముక్కుకీ దవడకీ ఉన్న కొలతలు తీసుకుంటుంది. ఆ కొలతకి సరిపోయే మొహం మనిషి తలలో ఎక్కడుందో వెతుక్కుని, దాన్ని తోడి పోస్తుంది" అంది త్రిపుర. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఒకటే అనుమానం. బావిలోంచి తోడితే నీళ్ళు తగ్గవా?

పైకి అనలేదు. అంటే ఇంట్లో నవ్వుతారు. మా ఆయన సూర్యచంద్రం రైల్వేలో గేట్‌మన్‌గా చేశాడు. నాకు స్వయానా మేనత్త కొడుకే, అందుకని నేను బావా అనే పిలుస్తాను. ఆయన నన్ను మాత్రం గౌరవంగా ఎప్పుడూ పిలవడు.

"మీ అమ్మని గేటు దగ్గర డ్యూటీకి వేస్తే దేశంలో ఒక్క రైలు కదలదే అమ్మాయ్" అన్నాడు ఆ రాత్రి భోజనాల దగ్గర. "ఎప్పుడూ ఎర్ర జెండాయే."

"పచ్చ జెండా ఊపేసి ఊరుకునేవాళ్ళ వల్లే రైళ్ళు గుద్దుకుంటాయి" అన్నాను.

"నీ జీవితంలో ఏ రైలు గుద్దుకుందే?"

"గుద్దుకోకుండా చూసుకుంటున్నాను కనక గుద్దుకోలేదు."

త్రిపుర పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. తల్లి మాట్లాడితే లేచిపోవడం అప్పటికే అలవాటైపోయింది.

కొన్నాళ్ళకి కూరగాయల బజారులో కామేశం గారు ఎదురయ్యాడు. చంకలో పెద్ద కవరు.

"వరహాలూ, నువ్వు వీరాస్వామి కూతురివేనా?"

"ఆయ్, బాబాయిగారూ."

"మీ మేక ఒకటి ఉండేది చూడు, రాములమ్మ. మా పెరట్లో మల్లెతీగంతా మేసేసింది."

నవ్వొచ్చింది. నలభై ఏళ్ళ కిందటి మేక. ఆయన కవరులోంచి ఫోటో తీశాడు. భ్రమరాంబ గారు, పసుపుతో, తాంబూలంతో, ఎర్ర మచ్చతో.

"దీన్ని మా ఇంటి గోడకి ఎవరో తగిలించారమ్మా. లక్షణమైన మనిషే. ఎవరి తాలూకో తెలిస్తే ఇచ్చేద్దామని తిరుగుతున్నాను."

చేతిలో వంకాయల సంచీ కింద పడింది. "బాబాయిగారూ, భ్రమరాంబ పిన్ని గారండీ ఆవిడ!"

"ఛ. మా భ్రమరం ఇలా ఉండదు."

"ఎలా ఉంటారండీ మరి?"

చెప్పబోయి నోరు తెరిచాడు. గాలిలో చెయ్యెత్తి మొహం గుండ్రంగా గీయబోయాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన కళ్ళలోకి వచ్చిన బెదురు చూసి నేను వంకాయలు ఏరుకోకుండానే బస్టాండుకి పరిగెత్తాను.

కాకినాడ వెళ్ళి ఆ డాక్టరు బల్ల ముందు నిలబడి అడిగాను.

"ఆ ముసలాయన తలలోంచి పెళ్ళాన్ని తీసేసుకున్నారు. తిరిగి పెట్టండి."

"ఆయనకి ఎనభై దాటాయమ్మా. మతిమరుపు."

"నా పేరు గుర్తుంది. మా నాన్న పేరు గుర్తుంది. మా ఇంటి మేక పేరు కూడా గుర్తుంది. కట్టుకున్నదాని మొహం ఒక్కటే మరిచిపోయే మతిమరుపు ఎక్కడుందండీ?"

అప్పుడు మొదటిసారి నావైపు సూటిగా చూశాడు. "చూడమ్మా. ఆ మొహం ఆయనతోపాటు ఎలాగూ కాటికి పోయేదే. పోయేదాన్ని ఉండిపోయేచోటికి మార్చాం. వాళ్ళ మనవలు మాకు దండం పెడుతున్నారు."

"అడగకుండా తీసుకుంటే దాన్ని దొంగతనం అంటారు మా ఊళ్ళో."

"మీ ఊరు వెళ్ళండి అయితే." వాచ్‌మన్‌ని పిలిచాడు. నన్ను రెక్క పట్టుకుని బయటికి తోస్తుంటే త్రిపుర కంప్యూటర్ వెనక తల దించుకుని నిలబడింది. ఒక్క అడుగు ముందుకి రాలేదు.

ఇంటికొచ్చాక మాత్రం విరుచుకుపడింది.

"నా పరువు తీశావమ్మా! బెంగుళూరు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, మెషిన్ కొనుక్కుని ఊరూరా పెడతారు. ఇప్పుడే నువ్వు వచ్చి దొంగ దొంగ అని అరవాలా?"

"ఊరూరా పెడతారా! ఊరూరా ముసలాళ్ళు ఫోటోలు పట్టుకుని ఇది ఎవరమ్మా అని తిరుగుతారా?"

"ముసలితనం వల్ల అలా అయింది. వయసులో ఉన్నవాళ్ళకి ఏమీ కాదని సార్ చెప్పారు."

"అయితే ఆయన్నే ఎక్కమను కుర్చీ!"

"ఆయన ఎక్కితే నడిపేదెవరు?"

"నడపడానికి ఆయన, ఎక్కడానికి పరాయివాళ్ళు. బాగుందే."

"నీకు ప్రతిదీ చావే, ప్రతిదీ మోసమే! చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కనివ్వలేదు. కాలవలోకి దిగనివ్వలేదు. ఆఖరికి ఇది కూడా..." ఏడుపు మింగుకుంది. "సరే. నీ నోరు ఎలా మూయించాలో నాకు తెలుసు."

మర్నాడు నేను గుడికి వెళ్ళి వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. అంతవరకూ మామూలే. హాల్లోకి వచ్చి దేవుడికి దీపం పెట్టబోతూ తలెత్తితే గోడ ఖాళీగా ఉంది. మేకూ, మేకుకి ఎండిన దండా మిగిలాయి. మా అత్తయ్య ఫోటో లేదు.

ఆ ఫోటో సంగతి ఇక్కడ చెప్పాలి. మా అత్తయ్య సత్యవతమ్మ బతికుండగా ఒక్క ఫోటో దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. పుణ్యస్త్రీగా పోయింది. పెద్దకర్మ నాటికి బొట్టుపెట్టి దండ వేసేందుకు ఫోటో కావాలి. మా వైపు అప్పట్లో అలాంటప్పుడు రక్తసంబంధంలో పోలికున్న మనిషిని కూర్చోబెట్టి తీయించేవారు. నేను ఆవిడకి కోడల్నే కాదు, తోడబుట్టిన అన్న కూతుర్ని. అదే ముక్కు, అదే దవడ. మావయ్య నన్ను ఆవిడ చీరా, ఆవిడ ముక్కుపుడకలూ పెట్టుకోమని స్టూడియోలో కూర్చోబెట్టాడు. స్టూడియో ఆయన ప్రింటు మీద సన్నటి పెన్సిల్‌తో ముడతలు గీశాడు, జుట్టు తెల్లగా చేశాడు. అప్పటికే రంగుల ఫోటోలు వచ్చేశాయి గానీ చేత్తో అలా దిద్దడం బ్లాక్ అండ్ వైట్‌లోనే కుదిరేది. పిల్లలకి చెప్పొద్దన్నారు మావయ్య. చెబితే దండం పెట్టరట. త్రిపుర అప్పుడు చిన్నది, మామ్మ పక్కలోనే పడుకునేది. "మామ్మ ఫోటోలోకి వెళ్ళిపోయింది" అనుకుంది. అనుకోనిచ్చాం.

బతికున్నదాన్ని, నా మొహానికే ఏడాదికోసారి బొట్టుపెట్టి దండ వేస్తుంటే నాకెంత గుండెదడగా ఉండేదో ఆ మేకుకే తెలుసు.

ఇప్పుడు ఆ పిల్ల ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. వయసులో ఉన్నవాళ్ళకి ఏమీ కాదని నాకు చూపించడానికి తానే కుర్చీ ఎక్కుతుంది. పోతే పోయేది మామ్మ మొహమే, మామ్మ ఎలాగూ పోయిందిగా అనుకుంది. మెషిన్‌కి మామ్మ తెలియదు. కొలతలు నావి.

"బావా, లే! ఆటో పిలు!"

"మళ్ళీ ఏ రైలు గుద్దుకుందే?"

"ఫోటో తీసుకెళ్ళింది. అత్త ఫోటో."

ఆయనకీ అర్థమైంది. చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి పరిగెత్తాడు.

మేం వెళ్ళేసరికి అయిపోయింది. వాచ్‌మన్ని తోసుకుని లోపలికి వెళ్తే తెర నిండా నేను ఉన్నాను. త్రిపుర ముందు కంప్యూటర్లో ఫోటో శుభ్రం చేసినప్పుడు స్టూడియో ఆయన గీసిన ముడతల్ని గీతలు పడ్డాయనుకుని ఒక్కొక్కటీ తుడిచేసింది. తెల్లజుట్టు మరక అనుకుని తీసేసింది. నా పోలిక కనిపించినా, మామ్మ పోలికేగా అమ్మది అనుకుని ఉంటుంది. కిందనుంచి నేను వచ్చాను. అత్తయ్య చీరలో, అత్తయ్య ముక్కుపుడకల్లో, అప్పటి వయసులో. దాని మీద రంగులు.

ఆ రంగుల దగ్గరికి వెళ్ళి చూశాను. స్టూడియో ఆయన "కదలకు" అంటే రాయిలా కూర్చున్నాను ఆ రోజు. ఫోటోలో నా మొహంలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు కనుబొమల మధ్య ఒక ముడి ఉంది. పెదవులు తడారిపోయి తెల్లబడి ఉన్నాయి. కళ్ళు కెమెరాని చూడటం లేదు, పక్కన ఏదో పడిపోబోతున్నట్టు అటు చూస్తున్నాయి. అది ఫోటోలోది కాదు. నా కూతురి తలలోంచి వచ్చింది. పాతికేళ్ళు నేను దానికి అలా కనిపించానన్నమాట. ఉయ్యాల దగ్గరా, కాలవ గట్టునా, అన్నం పళ్ళెం ముందూ, అన్నిచోట్లా అదే మొహం.

డాక్టరు తెర ముందు నిలబడి, "ముసలావిడ కదా? ఇదేంటి..." అని గొణుక్కుంటున్నాడు.

త్రిపుర టోపీ తీసి కుర్చీ దిగింది. చక్కగా, ఏమీ కానట్టు. నావైపు చూసింది. మర్యాదగా నవ్వింది.

"ఏవండీ, ఇలా లోపలికి రాకూడదండీ. బయట బల్ల ఉంది, అక్కడ కూర్చోండి. పిలుస్తాను."

ఎన్నో ఊహించాను ఆ పిల్ల గురించి. బస్సు కింద పడటం, షాకు కొట్టడం, కుక్క కరవడం, ఎవడో మోసం చెయ్యడం. ఇది ఒక్కటీ ఊహించలేకపోయాను.

"త్రిపురా" అన్నాను.

గొంతు విని ఉలిక్కిపడింది. నా నోటివైపు చూసింది. మళ్ళీ కళ్ళవైపు చూసింది. ఆ రెండూ ఒకే మనిషివని నమ్మలేనట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో నేను మాట్లాడటం ఆపితే త్రిపురకి భయం పట్టుకునేది. గదిలోకి వచ్చే ముందు "నేనేనే" అనాలి. లేకపోతే పరాయి ఆడది ఇంట్లో దూరినట్టు కేక వేసేది. నేర్చుకుంటానని నా ఎదురుగా కూర్చుని మొహం అంతా వేళ్ళతో తడిమేది. అటు తిరిగితే పోయేది. చీర బట్టీ, గాజుల చప్పుడు బట్టీ పోల్చుకునేది. చీర మారిస్తే చెప్పి మార్చేదాన్ని. తండ్రి మొహం ఉంది, పక్కింటివాళ్ళ మొహాలున్నాయి, పాలవాడి మొహం కూడా ఉంది.

డాక్టరు ఇంటికి వచ్చాడు. క్షమాపణ చెప్పడానికి కాదు.

"తాత్కాలికం. మెదడు అలసిపోయింది. తప్పుడు ఫోటో పెట్టడం వల్ల వచ్చిన తిప్పలు" అని నన్ను గుర్రుగా చూశాడు. "మీరు ముందే చెప్పి ఉంటే..."

"మీరు ముందే చెప్పారా, తోడితే తగ్గుతుందని?"

"ఇంకోసారి కూర్చోవాలి. ఈసారి మీ పెళ్ళి ఫోటోతో. మెషిన్ ఆ మొహాన్ని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడ సర్దుతుంది. బెంగుళూరువాళ్ళు చూసి వెళ్ళేదాకా మాత్రం ఈ సంగతి గడప దాటకూడదు."

"ఎక్కదు" అన్నాను.

"ఎక్కుతాను" అంది త్రిపుర.

"నీకు మతి పోయిందా?"

"నీ మొహం పోయిందమ్మా!" అని అరిచింది. "అన్నం పెడుతున్నదెవరో అని ముద్దముద్దకీ ఉలిక్కిపడుతూ బతకలేను నేను. నువ్వు భయపడుతూనే ఉండు. నాకు మాత్రం నీ మొహం కావాలి."

ముందు ఎక్కిన మనిషి ఇప్పుడెలా ఉన్నాడో చూద్దామని కామేశం గారి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోడలు గుమ్మం దగ్గరే నన్ను ఆపింది.

"ఆ డాక్టరుగారి మాట విని రెండోసారి కూడా కూర్చోబెట్టాం పిన్నీ. సర్దుకుంటుందన్నారు."

"సర్దుకుందా?"

"నిన్న మా ఆయన్ని చూపించి అడిగారు, ఈ అబ్బాయి తల్లెవరమ్మా, నాకు పెళ్ళయిందా అని." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "మొదటిసారి మొహమే పోయింది. రెండోసారి మనిషే పోయింది."

ఇంటికొచ్చి త్రిపురకి చెప్పాను. నమ్మలేదు. "నువ్వు ఎప్పుడూ ఇంతేగా" అంది. తప్పు ఆమెది కాదు. పాతికేళ్ళు ఎర్ర జెండా ఊపాను, ఇక ఏ రైలు ఆగుతుంది? మా పెళ్ళి ఫోటో అప్పటికే కంప్యూటర్లో ఎక్కించేసింది కూడా. శుభ్రం చేస్తోందట. శుక్రవారం బెంగుళూరువాళ్ళ ముందే కూర్చోవడమట.

గురువారం పక్కింటి గౌరీశ్వరి దగ్గర చీర అడిగి తీసుకున్నాను. త్రిపుర ఎన్నడూ చూడని ముదురు నీలం చీర. గాజులు తీసేయాలి, పుణ్యస్త్రీని, చేతులు రాలేదు. చప్పుడు కాకుండా వాటి మీద చేతిరుమాళ్ళు చుట్టి ముడివేశాను. సన్నికల్లు పొత్రం సంచీలో పెట్టుకున్నాను. బావ చూశాడు. ఆ డాక్టరు బెంగుళూరువాళ్ళని తీసుకురావడానికి విశాఖ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాడని మాత్రం చెప్పాడు, గోడతో చెప్పినట్టు.

వాచ్‌మన్ గుర్తుపట్టాడు. దారికి అడ్డం నిలబడి సంచీవైపు చూశాడు.

"మా నాన్నని కూడా ఎక్కించారమ్మా ఆ కుర్చీ. ఉచితమన్నారు" అని, టీకి వెళ్ళిపోయాడు.

లోపల త్రిపుర ఒక్కతే ఉంది. తెర మీద మా పెళ్ళి ఫోటో, ఇంకా నలుపూ తెలుపుగానే. తలంబ్రాలు పడిన నా జుట్టు మీది బూజు మచ్చలు ఒక్కొక్కటీ తీస్తోంది, దూది పెట్టి పసిపిల్ల కళ్ళు తుడుస్తున్నంత జాగ్రత్తగా. నన్ను చూసి లేచింది.

"రండమ్మగారూ. ఎవరి ఫోటో అండీ?"

నోటి మీద చెయ్యి పెట్టుకుని మూగదాన్నని సైగ చేశాను.

"అయ్యో. ఫరవాలేదు, కూర్చోండి. భయపడకండి, ఏమీ కాదు" అంది. ఎంత మెత్తగా అందో! నాతో ఆ గొంతుతో మాట్లాడి ఎన్నేళ్ళయింది. ఆ కుర్చీలోనే కూర్చోబెట్టింది. దీపం వెయ్యడానికి అటు తిరిగింది.

అప్పుడు లేచాను. వైర్లన్నీ వెళ్ళి కలిసే పెట్టె ఉంది కుర్చీ వెనక. పొత్రం రెండు చేతులతో ఎత్తి దాని నెత్తిన వేశాను. అద్దం పగిలింది, పొగ వచ్చింది. మళ్ళీ వేశాను. త్రిపుర వచ్చి నా మీద పడింది. నా జుట్టు పట్టుకుంది. రుమాలు పక్కన తేలిన మణికట్టు గీరేసింది.

"ఏం చేశావే ముసలీ! మా అమ్మ మొహం ఉందే అందులో!"

నా పళ్ళు నాలుక మీద బిగించి పట్టుకున్నాను. ఒక్క మాట నోరుజారితే చాలు, ఎవరో తెలిసిపోతుంది. చెంప మీద కొట్టింది. నా కన్నకూతురు నన్ను పరాయిదాన్ని కొట్టినట్టు, కనికరం లేకుండా, బలమంతా పెట్టి కొట్టింది. నేను పెట్టె నలిగిపోయేదాకా వేసి, ఆమెను తోసేసి, ముడి ఊడిపోయిన జుట్టుతో బస్టాండుకి నడిచాను. ఒకవేళ ఆ డాక్టరు చెప్పింది నిజమైతే? నిజంగానే రెండోసారికి నా మొహం దొరికేదేమో? దారంతా అదే. ఇప్పటికీ అదే.

సాయంత్రం డాక్టరు వచ్చాడు, ఎస్సైనీ త్రిపురనీ వెంటబెట్టుకుని. వెనకాల కోటు వేసుకున్న బెంగుళూరు పెద్దమనిషి. నేను నా చీర కట్టుకుని, కొంగు నిండా కప్పుకుని నిలబడ్డాను.

"ఈవిడే. మొన్న వచ్చి బెదిరించి వెళ్ళింది కూడా. పట్టుకోండి" అన్నాడు డాక్టరు.

"చూసినవాళ్ళు ఎవరు సార్?" అన్నాడు ఎస్సై. "మీ వాచ్‌మన్ ఎవర్నీ చూడలేదంటున్నాడు."

"ఈ అమ్మాయి చూసింది. ఎదురుగానే ఉంది."

ఎస్సై త్రిపురవైపు తిరిగాడు. "చెప్పమ్మా. పగలగొట్టిన మనిషి మీ అమ్మేనా?"

త్రిపుర నన్ను చూసింది. నేను నోరు మెదపలేదు. దాని కళ్ళు నా మొహం మీద నుదురు దగ్గర మొదలెట్టి గడ్డం దాకా, తెలియని ఊళ్ళో దారి వెతుక్కుంటున్నట్టు నడిచాయి. తర్వాత కొంగు కింద నేను దాచుకున్న చేతివైపు చూసింది.

"కాదండీ" అంది. "మా అమ్మ మొహం నాకు తెలియదా?"

డాక్టరు ఒక్క ఉదుటున ముందుకి వచ్చాడు. "ఈ పిల్ల మాట చెల్లదు! ఈ పిల్లకి..."

"ఏం సార్? ఈ పిల్లకి ఏమైంది?" అన్నాడు ఎస్సై. "కన్నతల్లి మొహం కూతురు గుర్తుపట్టలేదంటారా?"

బెంగుళూరు పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని డాక్టరువైపు చూశాడు. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. నేనూ చూశాను ఆ డాక్టర్ని, కళ్ళార్పకుండా. చెప్పు. ఎందుకు గుర్తుపట్టలేదో వీళ్ళందరి ముందూ నీ నోటితో చెప్పు.

డాక్టరు ఆ బెంగుళూరు ఆయనవైపు ఒకసారి చూశాడు. ఆ శుభ్రమైన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"పొరపాటు పడ్డానేమో" అన్నాడు.

వాళ్ళ జీపు సందు మలుపు తిరిగేదాకా త్రిపుర గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వచ్చి నా కొంగు తొలగించి, చెయ్యి బయటికి లాగి, దీపం దగ్గరికి పట్టుకుని చూసింది. మణికట్టు మీద మధ్యాహ్నం గీరుకుపోయిన చోట నెత్తురు గడ్డకట్టి ఉంది.

"పసుపు రాసుకో" అంది.

అమ్మా అనలేదు.